పాత స్పోర్ట్స్ కారులో పెడల్స్ కాలికి కుదరకపోతే ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నవాళ్ళకి మొదటి వారంలోనే ఎదురయ్యే ఇబ్బందులు కొన్ని ఉంటాయి. క్లచ్ చివరిదాకా తొక్కాలంటే నడుము సీటుని వదిలి ముందుకు జారుతుంది. లేదా మోకాలు స్టీరింగ్‌కి తగులుతుంది. లేదా బ్రేకు మీద నుంచి యాక్సిలరేటర్ మీదికి వెళ్ళేటప్పుడు బూటు అంచు ఇరుక్కుంటుంది. చాలామంది వెంటనే పెడల్స్‌కి బిగించే ప్లేట్లు, ఎక్స్‌టెన్షన్ల కోసం వెతుకుతారు. కానీ ఈ మూడింటికీ కారణం ఒకటి కాదు, మార్చాల్సిన భాగమూ ఒకటి కాదు. ఒకదానికి పనికొచ్చే మార్పు ఇంకోదాన్ని మరింత పాడు చేస్తుంది.

ఈ కార్లలో సీటు నేలకి దగ్గరగా ఉంటుంది, కాళ్ళు దాదాపు అడ్డంగా ముందుకి చాచి ఉంటాయి. మామూలు కారులో పెడల్‌ని కిందికి తొక్కుతాం, ఇక్కడ ముందుకి నెడతాం. కాలి బరువు సాయపడదు, పని మొత్తం మడమ, పిక్క మీద పడుతుంది. అందుకే 10 మి.మీ. తేడా కూడా గంట ప్రయాణంలో బాగా తెలుస్తుంది. దీనికి తోడు ముందు చక్రం గుంత కాళ్ళ దగ్గరికి పొడుచుకురావడంతో పాత కార్లలో పెడల్స్ కారు మధ్యకి కాస్త జరిగి ఉంటాయి. ఆ వంకర ఏ ప్లేటుతోనూ పూర్తిగా పోదు.

ముందు కొలవండి

రోజూ డ్రైవింగ్‌కి వేసుకునే బూట్లే వేసుకోండి. నడుము సీటు మూలకి ఆనేలా కూర్చుని క్లచ్‌ని అడుగుదాకా తొక్కండి. ఆ స్థితిలో కూడా మోకాలు కాస్త వంగి ఉండాలి. తర్వాత ఇంజన్ ఆన్‌లో ఉంచి బ్రేకుని బలంగా తొక్కండి. ఇక్కడా కాలు నిటారుగా బిగుసుకుపోకూడదు. బిగుసుకున్న కాలితో బ్రేకు తొక్కుతుండగా గుద్దుకుంటే ఆ దెబ్బ నేరుగా తుంటికి చేరుతుంది. భుజాలు సీటుకి ఆని ఉండగానే మణికట్టు స్టీరింగ్ పైఅంచుకి అందాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్ అయితే దాని మధ్యభాగానికీ ఛాతీకీ కనీసం 25 సెం.మీ. దూరం ఉండాలి.

తర్వాత స్కేలు పట్టుకుని కిందికి వంగండి. కార్పెట్ తీసి మూడు పెడల్స్ ఎత్తులు, బ్రేకుకీ యాక్సిలరేటర్‌కీ మధ్య పక్క దూరం, క్లచ్‌కీ ఎడమ గోడకీ మధ్య జాగా రాసుకోండి. ఇంకొకరిని బ్రేకు బలంగా తొక్కి పట్టుకోమని, అప్పుడు బ్రేకు ముఖం యాక్సిలరేటర్ కంటే ఎంత పైకి లేదా లోపలికి ఉందో చూడండి. ఒకే పాదంతో బ్రేకు తొక్కుతూ యాక్సిలరేటర్ అందించాలనుకునేవాళ్ళకి ముఖ్యమైన కొలత ఇదే. గట్టిగా తొక్కినప్పుడు బ్రేకు యాక్సిలరేటర్‌తో సమానంగానో, ఒక సెంటీమీటరు పైకో ఉంటే చాలు. అంతకంటే లోపలికి పోతే బ్రేకు తొక్కేటప్పుడు బూటు అంచు యాక్సిలరేటర్‌ని కూడా నొక్కేస్తుంది.

మూడు పెడల్సూ దూరంగా ఉంటే మార్చాల్సింది సీటు. క్లచ్ ఒక్కటే దూరమైతే క్లచ్‌ని చూడాలి. కాళ్ళకి బాగానే ఉండి చేతులు చాలకపోతే పని స్టీరింగ్‌తో, పెడల్స్‌తో కాదు. మడమ గాల్లో ఉంటే నేల ఎత్తాలి.

పాత కారు కాబట్టి, అరుగుదల సంగతి ముందు

పెడల్ ప్లేటుని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. స్పష్టంగా కొన్ని మిల్లీమీటర్లు పక్కకి ఊగితే పైన పెడల్ తిరిగే ఇరుసులో ఉండే బుష్‌లు (ఇరుసు చుట్టూ ఉండే చిన్న తొడుగులు) అరిగిపోయాయి. ఊగే పెడల్‌కి ఎంత మంచి ప్లేటు బిగించినా ఊగడం ఆగదు. బుష్‌లు మార్చి, ఇరుసుకి గ్రీజు పెట్టి, పెడల్‌నీ అది నెట్టే రాడ్డునీ కలిపే పిన్ను కోసుకుపోయి ఉంటే అదీ మార్చండి. చాలాసార్లు సగం ఇబ్బంది ఇక్కడితోనే పోతుంది.

క్లచ్ బాగా కిందికి వెళ్ళాక గానీ గేరు పడకపోతే, దాన్ని రాడ్డు తిప్పి సరిచేసే ముందు రాడ్డు మాస్టర్ సిలిండర్‌లోకి (పెడల్ తొక్కినప్పుడు ద్రవాన్ని లైనులోకి నెట్టే భాగం) వెళ్ళే చోట వేలు పెట్టి చూడండి. తడిగా ఉంటే సీలు పోయింది. కింద గేరుబాక్సు దగ్గర స్లేవ్ సిలిండర్ (ఆ ద్రవం ఒత్తిడితో క్లచ్‌ని విడదీసేది) రబ్బరు తొడుగు ఎత్తి చూసినా తడి కనిపించవచ్చు. బ్రేకు మెత్తగా ఉంటే లైనులో గాలి ఉంది. తొక్కిపట్టినప్పుడు పెడల్ నెమ్మదిగా దిగిపోతూ ఉండి, బయట ఎక్కడా లీకు లేకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి సీలు వెళ్ళిపోయింది. ఇలాంటి కారులో పెడల్ ఎత్తు పెంచితే లోపం కొన్నాళ్ళు దాగుతుందే కానీ తగ్గదు.

పాత హోండాల్లో ఇంకో సంగతి ఉంది. బ్రేకు, క్లచ్ పెడల్స్ చేతికి స్విచ్చు తగిలే చోట చిన్న ప్లాస్టిక్ లేదా రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది పెళుసుబారి పొడిపొడి అవుతుంది. డ్రైవర్ వైపు మ్యాట్ మీద చిన్న రంగు ముక్కలు కనిపిస్తే, కారు ఆపాక కూడా బ్రేకు లైట్లు వెలుగుతూ ఉంటే కారణం అదే. బిళ్ళ చిన్నదే, వేలితో నొక్కితే కూర్చుంటుంది. అది లేకుండా తీసుకున్న ఎత్తు కొలతలు మాత్రం అన్నీ తప్పే.

మ్యాట్లు కూడా చూడండి. ఒకదాని మీద ఒకటి వేసి ఉంటే పైది తీసేయండి, మిగిలినదాన్ని కొక్కేలకి తగిలించండి. 2009లో టయోటా అమెరికాలో దాదాపు 38 లక్షల కార్లని వెనక్కి పిలిచింది, యాక్సిలరేటర్ ఫ్లోర్ మ్యాట్ కింద ఇరుక్కునే ప్రమాదం ఉందని. పెడల్ ప్లేటు అడుగుభాగం పొడవు పెరిగినప్పుడు ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

సీటు, స్టీరింగ్: బ్రేకుల జోలికి పోని దారి

సీటుని పెడల్స్ దగ్గరికి జరుపుకునే మామూలు లెక్క ఖరీదైన కొన్ని కార్లలో తిరగబడి ఉంటుంది. ఫెరారీ లాఫెరారీలోనూ, 2017 ఫోర్డ్ జీటీలోనూ సీటు కదలదు, పెడల్సూ స్టీరింగూ డ్రైవర్ దగ్గరికి జరుగుతాయి. మామూలుగా చేతులు మారే స్పోర్ట్స్ కార్లలో ఈ సౌకర్యం ఉండదు. అక్కడ సర్దుబాటుకి ఉన్న మొదటి సాధనం సీటే.

మజ్దా ఎంఎక్స్-5లో 2019 మోడల్ వచ్చేదాకా స్టీరింగ్‌ని డ్రైవర్ వైపుకి లాగే వీలు లేదు. హోండా ఎస్2000లో అయితే స్టీరింగ్ ఎటూ కదలదు. ఇలాంటి కార్లలో పొడవాటివాళ్ళు చేతులకి అందాలని సీటు ముందుకి జరుపుతారు, దాంతో మోకాళ్ళు ఇరుక్కుంటాయి, తప్పు పెడల్స్ మీద పడుతుంది. సీటుని కాళ్ళకి సరిపోయేలా వెనక్కి జరిపి, వెనుకభాగాన్ని రెండు మూడు మెట్లు నిటారు చేసి చూడండి. అప్పటికీ చేతులు చాలకపోతే, ఎయిర్‌బ్యాగ్ లేని స్టీరింగ్ ఉన్న కారులో హబ్‌కీ స్టీరింగ్‌కీ మధ్య స్పేసర్ వేయవచ్చు. ఎయిర్‌బ్యాగ్ ఉన్నచోట ఆ పని వద్దు.

తొడలకి ఆధారం లేక పాదం గాల్లో పట్టుకోవాల్సి వస్తుంటే సీటు రైలు ముందు బోల్టుల కింద 10 నుంచి 15 మి.మీ. స్పేసర్ వేయడం మంచి ఉపాయం. తొడ బరువు సీటు మోస్తుంది, మడమ నేలమీద నిలకడగా ఉంటుంది. అయితే క్లచ్ కాస్త దూరమైనట్టు అనిపిస్తుంది కాబట్టి కురచ కాళ్ళవాళ్ళకి ఇది పనికిరాదు. బోల్టు స్పేసర్ మందం మేర పొడవు పెరగాలి, బలం గ్రేడు పాత బోల్టు కంటే తగ్గకూడదు. తల పైకప్పుకి తగిలేవాళ్ళు సీటు ఫోమ్ కొంత కోయించుకుంటారు. దానితో రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగుతారు, మోకాలికీ స్టీరింగ్‌కీ మధ్య జాగా పెరుగుతుంది. సీటు విప్పే ముందు బ్యాటరీ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. సీటు కింద పసుపు కనెక్టర్ ఉంటే అది ఎయిర్‌బ్యాగ్‌ది.

ప్లేట్లా, ఎక్స్‌టెన్షన్లా?

ఈ రెండూ ఒకటే అనుకుంటారు గానీ పనులు వేరు. ప్లేటు పెడల్ ముఖాన్ని వెడల్పు చేస్తుంది, పట్టునిస్తుంది. ఎక్స్‌టెన్షన్ పెడల్‌ని దగ్గరికి తెస్తుంది.

పక్క దూరం ఎక్కువై పాదం సాగదీయాల్సి వస్తుంటే యాక్సిలరేటర్ మీద ఎడమవైపుకి 10, 15 మి.మీ. వెడల్పైన అల్యూమినియం ప్లేటు సరిపోతుంది. బ్రేకు ప్లేటుని మాత్రం కుడివైపుకి పెంచకండి, బ్రేకు అనుకుని రెండూ తొక్కే అవకాశం పెరుగుతుంది. ప్లేటుకి కనీసం రెండు బోల్టులు ఉండాలి, ఒక్క బోల్టు మీదున్న ప్లేటు ఎప్పుడో ఒకప్పుడు తిరుగుతుంది. బోల్టు తలలు ప్లేటులోకి దిగి ఉండాలి, వెనక లోపల నైలాన్ రింగు ఉన్న లాక్ నట్టులు వాడాలి. రబ్బరు మీద క్లిప్పుతో తగిలించే రకం చూడటానికి బాగున్నా తడి బూటుతో బలంగా తొక్కితే జారుతుంది, బ్రేకు మీద దాన్ని అస్సలు నమ్మకూడదు. బిగించాక యాక్సిలరేటర్‌ని చేత్తో అడుగుదాకా నొక్కి ప్లేటు కింది అంచు కార్పెట్‌కి తగులుతోందేమో చూడండి. తగిలితే పూర్తి యాక్సిలరేషన్ రాదు, అంచు కోయాలి.

ఎక్స్‌టెన్షన్ కురచ కాళ్ళవాళ్ళకి నిజంగా అవసరమయ్యేది. సీటు పూర్తిగా ముందుకి వచ్చాక కూడా క్లచ్ అందకపోతే, ఛాతీ ఎయిర్‌బ్యాగ్‌కి 25 సెం.మీ. కంటే దగ్గరైతే ఇదే సరైన దారి. 25 నుంచి 50 మి.మీ. మందమైన దిమ్మె పెడల్ ముఖం మీద బోల్టులతో బిగుస్తుంది. దిమ్మె ముఖం మీదే పెరగాలి, పెడల్ చేతి పొడవు కిందికి పెరగకూడదు. ఇరుసు నుంచి రాడ్డుకి 75 మి.మీ., ఇరుసు నుంచి పాదానికి 300 మి.మీ. ఉంటే పెడల్ నిష్పత్తి (రెండో దూరాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేది) 4. పాదం పడే చోటు 20 మి.మీ. కిందికి దిగితే అది దాదాపు 4.27 అవుతుంది. పెడల్ తేలికవుతుంది, కానీ అంతే బ్రేకుకి ఎక్కువ దూరం తొక్కాలి. అలవాటైన పాదం బ్రేకు పట్టు తగ్గిందనుకుంటుంది. ఎత్తైన దిమ్మెలు వేస్తే మడమ నేలకి అందదు, కాబట్టి ఎక్స్‌టెన్షన్‌తో పాటు మడమ కింద 3 మి.మీ. అల్యూమినియం రేకుతో చేసిన ఎత్తు పీట కూడా కావాలి. దాన్ని నేలకి బోల్టులతో బిగించాలి, మ్యాట్ మీద ఊరికే పెట్టకూడదు.

యాక్సిలరేటర్‌ని జరపడం

బ్రేకు కంటే యాక్సిలరేటర్ బాగా లోపలికి ఉంటే చాలామంది బ్రేకుని దించాలనుకుంటారు. మా సలహా యాక్సిలరేటర్‌ని పైకి తెమ్మని. ప్రమాదం తక్కువ, నచ్చకపోతే గంటలో పాత స్థితికి తెచ్చేయవచ్చు.

కేబుల్ ఉన్న పాత కార్లలో చాలావాటికి ఇనప చేయి ఉంటుంది, పైన ఆగే చోట సర్దే బోల్టు కూడా ఉంటుంది. ఎలక్ట్రానిక్ పెడల్ అయితే సెన్సర్‌తో కలిపి ఒకే డబ్బా. దాన్ని పట్టే రెండు మూడు బోల్టుల కింద సమాన మందం గల స్పేసర్లు వేసి 10, 15 మి.మీ. బయటికి తేవచ్చు. డబ్బాని విప్పకండి, వైరు లాగి బిగుసుకుపోయేలా ఉంచకండి. ఏ రకమైనా చివర ఒక పరీక్ష తప్పదు. కేబుల్ రకంలో ఇంజన్ ఆపి ఒకరు పెడల్ పూర్తిగా తొక్కితే ఇంకొకరు థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారిలోని మూత) పూర్తిగా తెరుచుకుందా చూడాలి. ఎలక్ట్రానిక్ రకంలో స్కానర్ పెట్టి, పెడల్ చివరిదాకా నొక్కినప్పుడు వచ్చే రీడింగ్ మార్చక ముందు ఉన్నంతే వస్తోందా చూడాలి. వదిలినప్పుడు రెండూ చటుక్కున వెనక్కి రావాలి.

బ్రేకు, క్లచ్ రాడ్డులు: చివరిగా, చేయి తిరిగినవాళ్ళు మాత్రమే

ఇది ఖర్చు లేని మార్పు. అందుకే అందరూ ముందు ఇక్కడే చేయి పెడతారు. తప్పు జరిగితే ఎక్కువ నష్టం జరిగేదీ ఇక్కడే.

రాడ్డు మరకి 1.25 మి.మీ. పిచ్ (ఒక చుట్టుకి ముందుకి కదిలే దూరం) ఉండి పెడల్ నిష్పత్తి 4 అయితే, రాడ్డు ఒక చుట్టు తిరిగితే పెడల్ ముఖం 5 మి.మీ. కదులుతుంది. కాబట్టి అర చుట్టు చొప్పునే పోవాలి. ముందు బ్రేకు లైటు స్విచ్చుని వదులు చేసి వెనక్కి తీయండి, లాక్ నట్టు సడలించండి, రాడ్డు తిప్పండి. రాడ్డు పొడవు పెరిగితే పెడల్ మీ వైపుకి వస్తుంది, తగ్గితే లోపలికి పోతుంది. తర్వాత ఇంజన్ ఆపి, బ్రేకుని నాలుగైదుసార్లు తొక్కి బూస్టర్‌లో (వాక్యూమ్‌తో మీ కాలి బలాన్ని పెంచే డబ్బా) వాక్యూమ్ పోనిచ్చి, వేలితో నెమ్మదిగా నొక్కుతూ గట్టిదనం తగిలేదాకా ఉన్న ఖాళీ కదలిక కొలవండి. అది ఎంత ఉండాలో ఆ కారు వర్క్‌షాప్ మాన్యువల్ చెబుతుంది. కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది, కానీ సున్నా మాత్రం కాకూడదు.

ఎందుకంటే, మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడే ద్రవం డబ్బాలోకి తిరిగి వెళ్ళే చిన్న రంధ్రం తెరుచుకుంటుంది. స్విచ్చునో ఆపే బోల్టునో లోపలికి తెచ్చి రాడ్డుని అలాగే వదిలేస్తే, లేదా రాడ్డు పెంచి స్విచ్చుని వెనక్కి తీయకపోతే, పిస్టన్ కొంచెం నొక్కుకునే ఉంటుంది. రంధ్రం మూసుకుంటుంది. బ్రేకులు వేడెక్కి ద్రవం వ్యాకోచిస్తే పోయే దారి ఉండదు, ప్యాడ్లు డిస్కుని పట్టుకుంటాయి, వేడి ఇంకా పెరుగుతుంది. షెడ్డులో అంతా బాగున్న కారు ఇరవై నిమిషాల డ్రైవింగ్ తర్వాత తనంతట తాను బ్రేకు పట్టేయడానికి కారణం ఇదే. ఇక పెడల్‌ని బాగా దించేస్తే, రేపు లైనులో గాలి చేరినప్పుడు తొక్కడానికి మిగిలే దూరం తగ్గిపోతుంది. రాడ్డు మర క్లెవిస్‌లోకి (రాడ్డు చివర పెడల్‌ని పట్టే U ఆకారపు ముక్క) కనీసం దాని వ్యాసం అంత, అంటే 8 మి.మీ. రాడ్డుకి 8 మి.మీ. దిగి ఉండాలి. బూస్టర్‌కీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్య ఇంకో రాడ్డు ఉంటుంది, దాని జోలికి పోకండి. అది గేజీతో సెట్ చేసేది, పెడల్ సౌకర్యానికి దాంతో సంబంధం లేదు.

చివరగా స్విచ్చు. పెడల్ కొద్దిగా కదలగానే లైట్లు వెలగాలి, వదలగానే ఆరాలి. చాలా కార్లలో క్రూజ్ కంట్రోల్ ఆగేది కూడా బ్రేకు స్విచ్చుల సంకేతంతోనే.

క్లచ్‌లో ఖాళీ కదలిక సున్నా అయితే క్లచ్ పూర్తిగా పట్టదు, జారుతుంది, బేరింగ్ త్వరగా అరుగుతుంది. ఎక్కువైతే పూర్తిగా విడవదు, రివర్స్ గేరు గరగరమంటుంది. క్లచ్ దూరం ఇబ్బంది పెట్టేవాళ్ళకి రాడ్డు కంటే మంచి మార్గం ఒకటుంది: పెడల్ వెనక నేలకి బిగించే సర్దుబాటు స్టాప్. చాలా కార్లలో క్లచ్ సగం దాటగానే విడిపోతుంది, మిగతా దూరం తొక్కడం వృథా. విడిపోయే చోటు దాటి 20, 25 మి.మీ. వదిలి స్టాప్ పెడితే కాలు అంత దూరం సాగాల్సిన పని ఉండదు. ఇంజన్ బాగా వేడెక్కాక రివర్స్ చప్పుడు లేకుండా పడుతోందా, క్లచ్ తొక్కితేనే స్టార్టయ్యే కారులో ఆ స్విచ్చు అందుతోందా చూసుకోండి. కురచ కాళ్ళవాళ్ళలో చాలామందికి స్టాప్, సీటు ఈ రెండూ చాలు, ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు.

మేము వద్దనేవి

బ్రేకు చేతిని వంచడం. వేడిచేసి వంచితే ఉక్కు బలం తగ్గుతుంది, పోత అల్యూమినియం అయితే కంటికి కనిపించని పగులు వస్తుంది. ప్రాణం ఆధారపడిన భాగంతో ఈ పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి.

విల్‌వుడ్, టిల్టన్ లాంటి కంపెనీల పూర్తి పెడల్ బాక్సులు రేసు కార్లకి చక్కగా పనికొస్తాయి. వాటిలో ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటి మాస్టర్ సిలిండర్లు, మధ్యలో ఆ రెండింటికీ కాలి బలాన్ని పంచే బ్యాలెన్స్ బార్ ఉంటాయి. బూస్టర్ లేకుండా వాడేవాటికి పెడల్ నిష్పత్తి 6 దగ్గర్లో ఉంటుంది. సిలిండర్ సైజులు లెక్కకట్టి ఎంచుకోవాలి, బ్యాలెన్స్ సరిగా పెట్టకపోతే వెనక చక్రాలు ముందే బిగుసుకుని కారు తిరిగిపోతుంది. కేవలం కాలి సౌకర్యం కోసం రోడ్డు కారులో ఇది పెట్టడం దండగ. బ్రేకు వ్యవస్థ మార్చినందుకు ఇన్సూరెన్సుతోనూ తంటా రావచ్చు.

పాదం పెద్దగా ఉండి ఇరుకుపడేవాళ్ళకి మార్చాల్సింది బూట్లే. అంచులు బయటికి రాని, అడుగు పలచని బూటు వేసి చూశాకే మిగతావి ఆలోచించండి. ఎడమ కాలు పెట్టుకునే ఫుట్‌రెస్ట్ లేని కారులో ఒకటి బిగించడం చాలా సుఖం. కానీ అది క్లచ్‌కి దగ్గరగా ఉండి బూటు మధ్యలో ఇరుక్కుంటే తీసి పక్కకి జరపండి.

రోడ్డెక్కే ముందు

చక్రాలు నాలుగూ లేపి, బ్రేకు తొక్కి వదిలాక ఒక్కోటి చేత్తో తిప్పి చూడండి. తిరగకపోతే రాడ్డు మళ్ళీ సర్దాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద తక్కువ వేగంలో పది పదిహేనుసార్లు గట్టిగా బ్రేకు వేసి, డిస్కులు వేడిగా ఉండగానే మళ్ళీ చక్రాలు లేపి తిప్పండి. చల్లగా ఉన్నప్పుడు బయటపడని తప్పు ఈసారి దొరుకుతుంది. లాక్ నట్టు మీదా రాడ్డు మీదా కలిపి పెయింటుతో ఒక గీత గీయండి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక టార్చి వేసి చూడండి. గీత విరిగి ఉంటే నట్టు కదిలిందన్నమాట, ప్లేట్ల బోల్టులు కూడా అప్పుడే ఒకసారి బిగించండి.